గడప దాటే ముందు

"ఫొటో మామూలుగా పెట్టొద్దు పిన్నీ, క్లారిటీ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపు."

పెళ్ళి సంబంధాల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినిపించే మాట ఇది. స్టూడియోవాళ్ళు చెబుతారు, పెళ్ళిళ్ళ బ్రోకర్లు చెబుతారు, ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలూ చెబుతారు. పిన్నిగారు అలాగే చేస్తారు. బాల్కనీలో తులసికోట పక్కన నిలబడి అమ్మాయి దిగిన ఫొటో ఏమాత్రం చెదరకుండా ముక్కూ మొహం తెలియని వందలమంది ఫోన్లలోకి చేరిపోతుంది. ఆ బాల్కనీ భూమ్మీద ఎక్కడుందో ఆ వివరం కూడా ఫొటోతో పాటే చేరుతుంది. బయోడేటాలో ఇంటి అడ్రసు రాయకుండా "వివరాలకు ఫోన్ చేయండి" అని జాగ్రత్తపడ్డది కూడా ఈ కుటుంబమే.

మామూలు ఫొటోగా పంపి ఉంటే ఈ వివరం దారిలోనే రాలిపోయేది. డాక్యుమెంట్‌గా పంపడం వల్ల మిగిలింది. ఎందుకలా జరుగుతుందో తెలిస్తే ఈ అధ్యాయంలో సగం పని అయిపోయినట్టే.

ఫైల్లో ఇంకా ఏముంటుంది

ఫోన్‌తో తీసిన ఫొటో ఫైల్లో కంటికి కనిపించే బొమ్మతో పాటు కొంత రాత కూడా ఉంటుంది. ఆ రాతనే మెటాడేటా అంటారు. దాన్ని రాయడానికి ఒక పద్ధతి ఉంది, దాని పేరు ఎగ్జిఫ్. 1995లో జపాన్ ఎలక్ట్రానిక్స్ పరిశ్రమల సంఘం దీన్ని రూపొందించింది. ఎవరి గుట్టూ లాగాలన్న ఆలోచన అప్పట్లో లేదు. ఫిల్మ్ రోజుల్లో శ్రద్ధ ఉన్న ఫొటోగ్రాఫర్లు ఏ ఫ్రేముకు ఎంత ఎపర్చర్ పెట్టారో, షట్టర్ వేగమెంతో నోట్‌బుక్‌లో రాసుకునేవారు. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ రాత పని కెమెరాకే అప్పగించారు. తర్వాత కెమెరా ఫోన్లోకి వచ్చింది, ఫోన్లోకి జీపీఎస్ వచ్చింది. దాంతో నోట్‌బుక్‌లో ఇంకో గడి కూడా నిండసాగింది: ఎక్కడ తీశారు?

ఇప్పుడు ఆ గడుల్లో సాధారణంగా ఉండేవి ఇవి. ఫోన్ కంపెనీ, మోడల్, ఫొటో తీసిన తేదీ, సెకన్లతో సహా సమయం, అక్షాంశం, రేఖాంశం. చాలా ఫోన్లు సముద్రమట్టం నుంచి ఎత్తును, కెమెరా ఏ దిక్కుకు తిరిగి ఉందో దాన్ని కూడా రాస్తాయి. పెద్ద కెమెరాలైతే తమ సీరియల్ నంబరును కూడా రాసుకుంటాయి. ఒకే కెమెరాతో తీసిన ఫొటోలను రెండు వేర్వేరు పేర్లతో పెట్టినా, ఆ నంబరు చూసి ఇద్దరూ ఒకరేనని పట్టుకోవచ్చు.

అక్షాంశ రేఖాంశాలు అనగానే ఊరి పేరు వరకే తెలుస్తుందని చాలామంది అనుకుంటారు. అంతటితో ఆగదు. దశాంశ బిందువు తర్వాత నాలుగో అంకె మారితే నేల మీద దాదాపు 11 మీటర్లు జరిగినట్టు, ఐదో అంకె మారితే దాదాపు ఒక మీటరు. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట మామూలు ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల అటూ ఇటూగా చెప్పగలదు. మీ ఫ్లాట్ నంబరు బయటపడకపోవచ్చు గానీ మీ అపార్టుమెంటు ఏదో బయటపడుతుంది. విడి ఇల్లయితే దాచడానికి ఇంకేమీ మిగలదు.

నమ్మకం కుదరకపోతే చదవడం ఆపి ఒక పని చేయండి. గ్యాలరీలో ఇంట్లో తీసిన ఏదైనా ఫొటో తెరిచి వేలితో పైకి జరపండి. ఐఫోన్‌లో అయినా, గూగుల్ ఫొటోస్‌లో అయినా కింద వివరాలు వస్తాయి. లొకేషన్ ఆన్‌లో ఉంటే చిన్న మ్యాపు, దాని మీద గుర్తు కనిపిస్తాయి. ఆ మ్యాపును పెద్దది చేసి చూడండి.

పెద్దవాళ్ళూ తప్పించుకోలేదు

జాన్ మెకఫీ పేరు కంప్యూటర్లు వాడేవాళ్ళకు కొత్త కాదు. వైరస్‌ల నుంచి కాపాడే సాఫ్ట్‌వేర్‌ను తన పేరుతోనే అమ్మిన మనిషి. 2012లో బెలీజ్ దేశంలో తన పొరుగింటాయన హత్య కేసులో పోలీసులు ప్రశ్నించాలనుకుంటే అక్కడి నుంచి పారిపోయాడు. ఆయన వెంట తిరుగుతున్న 'వైస్' పత్రికవాళ్ళు డిసెంబరు 3న ఒక ఫొటో వేశారు. మెకఫీ మాతోనే ఉన్నాడు, మీరు కనుక్కోలేరు అన్నట్టు గొప్పగా శీర్షిక పెట్టారు. ఆ ఫొటో ఐఫోన్ 4ఎస్‌తో తీసింది, లొకేషన్ చెరిపెయ్యలేదు. చూసినవాళ్ళు గంటల్లోనే గ్వాటెమాలాలోని ఒక చోటును మ్యాపులో చూపించారు. రెండు రోజుల తర్వాత గ్వాటెమాలా పోలీసులు ఆయన్ని అక్రమంగా దేశంలోకి వచ్చాడని అరెస్టు చేశారు. ఇందులో నాకు విడ్డూరంగా తోచేది మెకఫీ సంగతి కాదు. ఫొటో వేసింది ఒక పత్రిక. అందులో ఉన్నవాడి ప్రాణాలు తమ చేతుల్లో ఉన్నాయని తెలిసిన విలేకరులు. అయినా ఎవరూ ఆ వివరాలు తెరిచి చూడలేదు.

అమెరికా సైన్యం తన సైనికులకు చెప్పే ఉదాహరణ ఇంకొకటి ఉంది. 2007లో ఇరాక్‌లోని ఒక స్థావరానికి కొత్త హెలికాప్టర్లు వచ్చాయి. కొందరు సైనికులు సరదాగా వాటి ఫొటోలు తీసి నెట్‌లో పెట్టారు. ఆ ఫొటోల్లోని లొకేషన్ పట్టుకుని శత్రువులు మోర్టార్లు పేల్చారు, నాలుగు అపాచీ హెలికాప్టర్లు ధ్వంసమయ్యాయి.

మన ఇళ్ళకు దగ్గరగా వచ్చేది మాత్రం 2010 నాటి మూడో సంగతి. 'మిత్‌బస్టర్స్' అనే సైన్స్ కార్యక్రమం నడిపిన ఆడమ్ శావేజ్ తన ఇంటి ముందు ఆగి ఉన్న కారును ఫోన్‌తో ఫొటో తీసి, పనికి బయల్దేరుతున్నానని రాసి ట్విట్టర్‌లో పెట్టాడు. ఆ ఫొటోలో ఇంటి జాడ ఉంది. ఇల్లెక్కడో, ఆ ఇంట్లో ఇప్పుడు యజమాని లేడనీ ఒక్క ఫొటోతోనే లోకానికి చెప్పేశాడు. సంక్రాంతికి తాళం వేసి ఊరెళుతూ బస్టాండులో సెల్ఫీ పెట్టేవాళ్ళు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకోవాలి. ఆ సెల్ఫీలో మెటాడేటా లేకపోయినా, ఇంటి ముందు ముగ్గు ఫొటో నిన్ననే పెట్టి ఉంటారు కదా.

ఏ దారిలో రాలుతుంది, ఏ దారిలో మిగులుతుంది

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే యాప్ దాన్ని కుదించి కొత్త ఫైలుగా తయారుచేస్తుంది. ఆ పనిలో లొకేషన్ పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలును ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు పంపుతుంది. టెలిగ్రామ్‌లో 'ఫైల్'గా పంపినా అంతే. ఈమెయిల్ అటాచ్‌మెంట్, డ్రైవ్ లింకు, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, ఎయిర్‌డ్రాప్ కూడా ఇదే జాబితా. ఒక్క మాటలో గుర్తుంచుకోవాలంటే, క్లారిటీ ఏమాత్రం తగ్గకుండా వెళ్ళిందంటే వివరాలు కూడా వెళ్ళాయనే అనుమానించాలి. క్లారిటీ కోసమే మీ బెంగ అయితే 2023 నుంచి వాట్సాప్‌లో ఫొటో పంపేచోటే హెచ్‌డీ అనే గుర్తు ఉంది. పెళ్ళి సంబంధానికి అది ఎక్కువే.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్ వంటివి బయటివాళ్ళకు చూపించే ఫొటోలోంచి లొకేషన్ తీసేస్తాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది. తీసేసేది మీ ఫోన్ కాదు, వాళ్ళ సర్వరు. అంటే ఫైలు వివరాలతో సహా వాళ్ళ దగ్గరికి చేరాకే శుభ్రం జరుగుతుంది. పక్కింటివాడికి కనిపించదు సరే, కంపెనీకి మాత్రం దక్కింది. అదీ వద్దనుకుంటే పంపకముందే మీ ఫోన్లోనే తీసెయ్యాలి.

అద్దె ఇంటి ప్రకటనలు, పాత సామాన్ల అమ్మకాల యాప్‌లు, సొసైటీ వెబ్‌సైట్లు, స్కూలు వార్షికోత్సవాల పేజీలు... వీటిలో ఏది తీసేస్తుందో ఏది తీసెయ్యదో ఒక్కొక్కటీ వెతికి తెలుసుకోవడం వృథా శ్రమ. తీసెయ్యదనే అనుకుని ముందుకెళ్ళండి.

కెమెరాలో లొకేషన్ ఆపెయ్యాలా?

ఈ ప్రశ్నకు చాలామంది నిపుణులు తడుముకోకుండా ఆపెయ్యమంటారు. నేను అనను. పదేళ్ళ తర్వాత అరకు వెళ్ళిన ఫొటోలు వెతుక్కోవడానికి, నాన్నగారు చివరిసారి కాశీలో ఏ ఘాట్ మెట్ల మీద కూర్చున్నారో చూసుకోవడానికి ఆ గడి ఉపయోగపడుతుంది. పొలం గట్టు తగాదాలో ఆ రోజు రాయి ఎక్కడుందో చూపించడానికీ పనికొస్తుంది. ఇంటి సంగతులు ఇంట్లో ఉంటే ఎవరికీ నష్టం లేదు. గడప దాటేటప్పుడే చూసుకోవాలి. లొకేషన్‌ను ఉంచుకుని, పంపే నకలులోంచి మాత్రం తీసెయ్యడం నేను ఎంచుకునే పద్ధతి.

కొందరు మాత్రం మొదటినుంచీ ఆపెయ్యాలి. వేధించే భర్తకు దూరంగా తలదాచుకున్న స్త్రీ, తన వెంట పడుతున్నవాడికి తన హాస్టల్ తెలియకూడదనుకునే అమ్మాయి, రహస్యంగా సమాచారం ఇచ్చేవాళ్ళను కలిసే విలేకరి, ఇలాంటివాళ్ళకు ఒక్కసారి మరచిపోయినా ముప్పే. వీళ్ళు ఐఫోన్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, లొకేషన్ సర్వీసెస్, కెమెరా దగ్గరికి వెళ్ళి 'నెవర్' అని పెట్టుకోవాలి. ఆండ్రాయిడ్‌లో కెమెరా యాప్ సొంత సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. శాంసంగ్ దాన్ని 'లొకేషన్ ట్యాగ్స్' అంటుంది, గూగుల్ పిక్సెల్ 'సేవ్ లొకేషన్' అంటుంది. ఆపితే ఇకముందు తీసే ఫొటోలకే పనిచేస్తుంది, పాతవాటిలో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

తీసే విధానం

ఐఫోన్‌లో ఫొటో ఎంచుకుని షేర్ నొక్కగానే పైభాగాన 'ఆప్షన్స్' అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2019 నుంచీ ఉన్నా చాలామంది వేలు అక్కడికి పోదు. దాన్ని తెరిచి లొకేషన్ ఆపితే చాలు, పంపే నకలులో అది ఉండదు. తేదీ, ఫోన్ మోడల్ మాత్రం ఉంటాయి.

శాంసంగ్ గ్యాలరీలో ఫొటోను పైకి జరిపి వివరాల దగ్గర ఎడిట్ నొక్కితే లొకేషన్ పక్కన తీసివేత గుర్తు వస్తుంది. ఇది అసలు ఫైలునే మారుస్తుంది కాబట్టి ముందు ఒక నకలు చేసుకోండి. రెడ్‌మీ, పోకో ఫోన్లలో కంపెనీ సొంత గ్యాలరీ ఉన్న మోడళ్ళలో షేర్ చేసేటప్పుడు 'సెక్యూర్ షేరింగ్' అనే సదుపాయం కనిపిస్తుంది. అందులో లొకేషన్ ఒక్కటే తీసెయ్యవచ్చు, మొత్తం మెటాడేటా తీసెయ్యవచ్చు. గూగుల్ ఫొటోస్ ఆల్బమ్‌ను లింకుగా ఇచ్చే అలవాటుంటే ఆల్బమ్ ఆప్షన్లలో ఫొటో లొకేషన్ పంచుకునే మీట ఆపి ఉందో లేదో చూసుకోండి. అమెరికాలో ఉన్న కూతురికి మనవడి బారసాల ఆల్బమ్ పంపేవాళ్ళు ముఖ్యంగా. ఆ లింకు ఆమె దగ్గరే ఆగుతుందన్న హామీ ఏమీ లేదు.

విండోస్ కంప్యూటర్‌లో ఏ యాప్ అవసరం లేదు. ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి ప్రాపర్టీస్, డీటెయిల్స్ తెరిస్తే అడుగున సొంత వివరాలు తీసెయ్యడానికి ఒక లింకు ఉంటుంది. అది శుభ్రమైన నకలు చేసి ఇస్తుంది. మ్యాక్‌లో అయితే ప్రివ్యూ యాప్‌లో ఇన్‌స్పెక్టర్ తెరిచి జీపీఎస్ భాగంలో లొకేషన్ తీసెయ్యవచ్చు. వందల ఫొటోలు ఒకేసారి శుభ్రం చేయాల్సిన స్టూడియోవాళ్ళకు, వెబ్‌సైట్లు నడిపేవాళ్ళకు ఫిల్ హార్వీ రాసిన ఎగ్జిఫ్‌టూల్‌ను మించింది లేదు. ఉచితం. ఒక్క ఆదేశంతో ఫోల్డరంతా కడిగేస్తుంది. శుభ్రం చేసిన ఫైలు పక్కనే పాత ఫైలును కూడా దాచిపెడుతుంది, అప్‌లోడ్ చేసేటప్పుడు పొరపాటున ఆ రెండోదాన్ని ఎక్కించకండి.

తీసేశాక నమ్మి ఊరుకోవద్దు. మీకు మీరే ఈమెయిల్ చేసుకుని, వచ్చినదాన్ని డౌన్‌లోడ్ చేసి, వివరాలు తెరిచి చూడండి. ఒక్క నిమిషం పని. 'ఉచితంగా మెటాడేటా తీస్తాం, ఫొటో అప్‌లోడ్ చేయండి' అనే వెబ్‌సైట్ల జోలికి మాత్రం పోకండి. దాచుకోవాల్సిన ఫొటోను ముందు ఊరూ పేరూ తెలియనివాడి చేతిలో పెట్టడం దేనికి?

స్క్రీన్‌షాట్ తీసి పంపే చిట్కా కూడా పనిచేస్తుంది. కెమెరా రాసిన లొకేషన్ స్క్రీన్‌షాట్‌లోకి రాదు. క్లారిటీ తగ్గుతుంది, అంతే. తొందరలో ఉన్నవాళ్ళకు ఇదే సులువు.

వీడియోలను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వాటిలోనూ లొకేషన్ ఉంటుంది. ఐఫోన్ 'లైవ్ ఫొటో' అయితే క్లిక్‌కు ఒకటిన్నర సెకను ముందు, ఒకటిన్నర సెకను తర్వాత జరిగింది శబ్దంతో సహా పట్టుకుంటుంది. నవ్వుతున్న ఫొటో పంపాననుకుంటారు. ఆ నవ్వుకు ముందు విసుక్కుంటూ అన్న మాట కూడా వెళుతుంది.

కత్తిరిస్తే పోతుందా?

పక్కనున్న మనిషినో, వెనకున్న కాగితాన్నో కత్తిరించి పంపితే సరిపోతుందని అనుకుంటాం. ఎగ్జిఫ్‌లో చిన్న నమూనా బొమ్మ ఒకటి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు పెద్ద బొమ్మను కత్తిరించి ఆ చిన్నదాన్ని పాతదిగానే వదిలేసేవి. 2023 మార్చిలో అంతకంటే పెద్ద లోపం బయటపడింది. గూగుల్ పిక్సెల్ ఫోన్లలో స్క్రీన్‌షాట్‌ను కత్తిరిస్తే, కత్తిరించేసిన భాగంలో కొంత ఫైలు చివర అలాగే మిగిలిపోతోందని, దాన్ని తిరిగి రాబట్టవచ్చని సైమన్ ఆరన్స్, డేవిడ్ బుకానన్ అనే ఇద్దరు చూపించారు. దానికి 'ఎక్రోపలిప్స్' అని పేరు పడింది. కొద్ది రోజుల్లోనే విండోస్ స్నిప్పింగ్ టూల్‌లోనూ అలాంటిదే దొరికింది. రెండింటినీ సరిచేశారు. అయితే ఐదేళ్ళుగా జనం పంచుకున్న స్క్రీన్‌షాట్లు అప్పటికే నెట్‌లో ఉన్నాయి. బ్యాంకు కార్డు కనిపించే స్క్రీన్‌షాట్‌లో నంబరు కత్తిరించి పంపినవాళ్ళు ఎందరో!

దాచాల్సిన అంకెల మీద పెన్ను గీతలు కొట్టడమూ అంతంతమాత్రమే. మార్కర్‌లా పలచగా పడే రంగయితే, ఫొటో వెలుతురు పెంచితే కింద అంకెలు తేలతాయి. నిండు నలుపు డబ్బా పెట్టండి, తర్వాత దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపండి. ఆధార్ అయితే ఆ తంటా కూడా అక్కర్లేదు. మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ ఆధార్‌ను యూఐడీఏఐ వెబ్‌సైట్ నుంచే దించుకోవచ్చు.

బొమ్మ మీదే రాసి ఉంటే

మన రెండు రాష్ట్రాల్లో ఇంకో అలవాటు పాతుకుపోయింది. ఫొటో మీదే మ్యాపు, అడ్రసు, అక్షాంశ రేఖాంశాలు, సమయం ముద్రించే జీపీఎస్ కెమెరా యాప్‌లు. ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇవి లేనిదే పని నడవడం లేదు. ఇల్లు పునాది దాటిందని చూపాలన్నా, మొక్క నాటామని చూపాలన్నా, గ్రామసభ జరిగిందని చూపాలన్నా లొకేషన్ ఉన్న ఫొటో కావాలి. ఉపాధి హామీ పనుల్లో కూలీల హాజరును కూడా 2023 జనవరి 1 నుంచి ఎన్‌ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు అలాంటి ఫొటోలతోనే వేయడం తప్పనిసరి చేశారు.

ఆఫీసు పనికి తప్పదు. చిక్కెక్కడంటే, ఆ యాప్ చేతికి అలవాటైపోయి ఇంటికొచ్చాక కూడా దానితోనే పాప పుట్టినరోజు ఫొటో తీయడం. బొమ్మలో ముద్రపడ్డ అడ్రసును ఏ మెటాడేటా సాధనమూ తీయలేదు, వాట్సాప్ కుదింపులోనూ పోదు. ఆ యాప్‌ను ఫోన్ మొదటి పేజీలోంచి తీసి ఆఫీసు ఫోల్డర్లో పెట్టుకోండి, ఇంటికి మామూలు కెమెరా వాడండి. టీచర్లకు ఇంకో మాట: ఎండీవోగారికి పంపే గ్రూపు వేరు, ఊరందరికీ కనిపించే ఫేస్‌బుక్ పేజీ వేరు. పిల్లల మొహాలు, బడి అడ్రసు, సమయం మూడూ ఒకే చోట ఉన్న ఫొటోను రెండోదానిలో పెట్టకండి.

మెటాడేటా అంతా తీసేశాక కూడా బొమ్మే మాట్లాడవచ్చు. 2019లో జపాన్‌లో ఒక యువ గాయనిని వెంటాడినవాడు ఆమె సెల్ఫీని పెద్దది చేసి, కంటిపాపలో ప్రతిఫలించిన రైల్వే స్టేషన్‌ను గూగుల్ స్ట్రీట్ వ్యూతో పోల్చి గుర్తుపట్టాడు. 2018లో తెలంగాణలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో ఉన్న భూమి పత్రాల నుంచి వేలిముద్రలు తీసి, వాటికి నకళ్ళు తయారుచేసి సిమ్‌లు చలామణీ చేశాడు. మీరు పొలం కొన్న సంతోషంలో పత్రం ఫొటో పెట్టేటప్పుడు అడుగున ఉన్న నల్లటి వేలిముద్ర కూడా పెడుతున్నారని గమనించండి.

తీయకూడని సందర్భాలు

వేధింపు, యాక్సిడెంటు, ఆస్తి నష్టం, బీమా క్లెయిము, వీటికి సంబంధించిన ఫొటోల్లో మెటాడేటాను ముట్టుకోకండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు ఒక ధ్రువపత్రం ఇవ్వాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ ఉంటుంది. హ్యాష్ అంటే ఫైలు మొత్తాన్ని లెక్కగట్టి తీసిన అంకెలు, అక్షరాల వరస. ఫైల్లో ఒక్క చోట మారినా ఆ వరస పూర్తిగా మారిపోతుంది. వాట్సాప్‌లో పంపించి వెనక్కి తెచ్చుకున్న ఫొటో కంటికి అదే అనిపించినా, లెక్కకు వేరే ఫైలు. కాబట్టి అసలు ఫైలును ఫోన్లో ఉంచి, ఒక నకలు పెన్‌డ్రైవ్‌లో దాచి, పోలీసులకో లాయరుకో ఇచ్చేటప్పుడు ఆ అసలునే ఇవ్వండి. ఇక్కడ మాత్రం డాక్యుమెంట్‌గా పంపడమే సరైన పద్ధతి.

ఇప్పటికే పంపేసినవి

వాట్సాప్‌లో అందరికీ కనిపించకుండా చెరిపే గడువు పంపిన తర్వాత రెండున్నర రోజులు. ఆలోపు గుర్తొస్తే చెరిపేసి, మామూలు ఫొటోగా మళ్ళీ పంపండి. గడువు దాటితే ఆ గ్రూపు నుంచి రాబట్టే దారి లేదు. ఎవరెవరు దించుకున్నారో కూడా తెలియదు. డ్రైవ్ లింకులు, గూగుల్ ఫొటోస్ ఆల్బమ్ లింకులు మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. షేరింగ్ విభాగానికి వెళ్ళి పాత లింకులన్నీ ఒక్కొక్కటిగా ఆపండి. సంబంధం కుదిరిపోయిన అమ్మాయి ఆల్బమ్, అమ్మేసిన ఇంటి ఫొటోలు, ఎప్పుడో ఖాళీ చేసిన అద్దె వాటా ఫొటోలు ఇంకా అక్కడే తెరిచి ఉండవచ్చు. మొదట వాటితో మొదలుపెట్టండి, ఆ తర్వాత పాత ఈమెయిల్ అటాచ్‌మెంట్ల సంగతి చూడవచ్చు.